‘వద్దు’ అనని ప్రకటన

పొగతాగొద్దని కుర్రకారుకు చెప్పే ప్రకటనలకు మొదటి నుంచీ ఒక చిక్కుంది. పదిహేనేళ్ల కుర్రాడు సిగరెట్ ముట్టించేది హాని తెలియక కాదు, చాలాసార్లు పెద్దలు వద్దన్నారనే. క్యాన్సర్ అంటారా, అతని లెక్కలో అది అరవయ్యో ఏటి సంగతి. అందుకే గద్దించే ప్రకటన ఒక్కోసారి సిగరెట్‌కే వన్నె తెచ్చిపెడుతుంది.

ఈ ముడి అమెరికాలోని ఫ్లోరిడాలో వీడింది. పొగాకు కంపెనీలతో 1997లో కుదిరిన రాజీ కింద ఆ రాష్ట్రానికి 1,100 కోట్ల డాలర్లకు పైగా దక్కింది. అందులో కొంత సొమ్ముతో 1998లో ‘ట్రూత్’ ప్రచారం మొదలైంది. ప్రకటనలు ఎలా ఉండాలో టీనేజీ పిల్లలనే అడిగారు. పాడైన ఊపిరితిత్తుల బొమ్మల కన్నా, కంపెనీలు తమను బుట్టలో వేసుకుంటున్నాయన్న మాటే వాళ్లకు ఎక్కువ మంట పుట్టించింది. ఆ మాటకు సాక్ష్యం కంపెనీల బీరువాల్లోనే దొరికింది. మానేసినవారి, చనిపోయినవారి ఖాళీలు నింపగలిగేది వయసులో చిన్నవాళ్లేనని ఆర్.జె. రేనాల్డ్స్ సంస్థ 1984 నాటి అంతర్గత నివేదిక తేల్చింది. ఆ కాగితాలు వ్యాజ్యాల పుణ్యమా అని బయటపడ్డాయి.

దాంతో తిరుగుబాటు దిక్కు మారింది. ఎదిరించాల్సింది అమ్మానాన్నలను కాదు, కంపెనీని. 2000లో ఈ ప్రచారం దేశమంతటికీ విస్తరించినప్పుడు, న్యూయార్క్‌లోని పొగాకు కంపెనీ ఫిలిప్ మోరిస్ కార్యాలయం ముందు కుర్రాళ్లు శవాల సంచులు తెచ్చి గుట్టలుగా పేర్చే ప్రకటన వచ్చింది. సంచులు 1,200. అప్పట్లో పొగాకు అమెరికాలో రోజుకు బలిగొంటున్నవారి సంఖ్య అదే. ‘తాగొద్దు’ అన్న మాట అందులో ఎక్కడా లేదు.

ఫ్లోరిడాలో 1998 నుంచి 2000 లోపు మిడిల్ స్కూల్ పిల్లల్లో పొగతాగేవారు 18.5 శాతం నుంచి 11.1 శాతానికి తగ్గారు. హైస్కూల్లో తగ్గుదల అంతగా లేదు: 27.4 నుంచి 22.6కు. అలవాటు ముదరకముందే మాట చెవికెక్కుతుందన్నమాట. దేశవ్యాప్తంగా చూస్తే, 2002 వరకు విద్యార్థుల్లో కనిపించిన తగ్గుదలలో 22 శాతం ‘ట్రూత్’ వల్లనేనని పరిశోధకులు లెక్కగట్టారు. ఆ రోజుల్లో సిగరెట్ ధరలు పెరగడమూ తక్కువ కారణమేమీ కాదు.

తమాషా ఏమిటంటే, ఫిలిప్ మోరిస్ కూడా 1998లో ‘ఆలోచించు, పొగతాగకు’ అనే అర్థం వచ్చే ప్రకటనలు ఇచ్చింది. అవి చూసిన పిల్లల్లో పొగాకు కంపెనీల మీద సానుభూతి పెరిగిందని 2002లో వెలువడిన అధ్యయనం చెప్పింది. బుద్ధులు చెప్పే పెద్దమనిషి వేషం కంపెనీకే కలిసొచ్చింది.

మన దేశం పట్టిన దారి వేరు. పొగతాగే దృశ్యాలున్న సినిమాలకు మొదట్లో, మధ్యలో ఆరోగ్య ప్రకటనలు 2012 అక్టోబరు 2 నుంచి తప్పనిసరయ్యాయి. స్పాంజి పిండితే నల్లటి తారు కారే ప్రకటన తెలుగు ప్రేక్షకుడికి కంఠోపాఠం. ఇక్కడ కంపెనీ ఊసు ఉండదు, జబ్బే ప్రతినాయకుడు. దృశ్యం గుర్తుండిపోతుంది గానీ, పదేపదే చూసేసరికి భయం కాస్తా అనుకరణకు సరుకవుతుంది. అలా ఒక ప్రకటనలోని ‘ఈ నగరానికి ఏమైంది’ అన్న ప్రశ్న కుర్రాళ్ల నోళ్లలో నానీనానీ, 2018లో నలుగురు స్నేహితుల కథతో వచ్చిన హాస్య చిత్రానికి పేరైంది.