మునిగిన పడవ – జీవుల నెలవు

అండమాన్ దీవులలో 2018 వరకు హేవ్‌లాక్ అని పిలువబడిన స్వరాజ్ ద్వీపం ప్రవాళ భిత్తికలకు ప్రసిద్ధి. అక్కడి సముద్రంలో ఈ భిత్తికల చెంత ఇసుక నేలలు కూడా ఉన్నాయి. అటువంటి ఇసుకపై ఒక చిన్న పడవ మునిగిందనుకుందాం. కొన్నేళ్లకు అది ఏమవుతుంది?

పగడం రాయి కాదు, మొక్క కాదు. అతి చిన్న ప్రాణుల సముదాయం. దాని డింభకం నీటిలో తేలియాడుతూ, స్థిరపడడానికి గట్టి ఆధారాన్ని వెదకుతుంది. అలలకు కదలిపోయే ఇసుక ఆ ఆధారాన్ని ఇవ్వలేదు, పడవ ఇవ్వగలదు. ముందుగా నాచు, స్పంజికలు దానిని అంటుకొంటాయి. నీడను ఆశించి చేపలు చేరుతాయి. పగడాలు మాత్రం నెమ్మదిగా పెరుగుతాయి; అనేక జాతుల పెరుగుదల ఏడాదికి కొద్ది సెంటీమీటర్లే.

ఈ దృశ్యాన్ని చూడగోరువారు స్కూబా పరికరంతో నీటిలోకి దిగుతారు. 1943లో ఫ్రాన్సు దేశీయులైన జాక్ కూస్టో, ఎమిల్ గాన్యాన్ రూపొందించిన శ్వాస పరికరం ఇందుకు బాట వేసింది. వీపున మోసే సిలిండరులో సాధారణంగా ఉండేది శుద్ధమైన ఆక్సిజన్ కాదు, సంపీడనం చెందిన గాలి. రెగ్యులేటర్ ఆ గాలిని చుట్టూ ఉన్న నీటి పీడనానికి సమానం చేసి నోటికి అందిస్తుంది. 10 మీటర్ల లోతున పీడనం ఉపరితలంపై ఉన్నదానికి రెట్టింపు. అక్కడ పీల్చిన గాలిని బిగబట్టి పైకి వస్తే, అది వ్యాకోచించి ఊపిరితిత్తులను చీల్చగలదు. కనుక ఎన్నడూ శ్వాస ఆపరాదు; నెమ్మదిగా పైకి రావాలి.

కాలి రెక్కలను నేలకు దగ్గరగా బలంగా ఆడిస్తే ఇసుక లేచి పగడాలపై పేరుకొని, వాటికి వెలుతురు అందకుండా చేస్తుంది. ఊపిరి విషయంలో ఏమరుపాటు మనిషి ప్రాణానికి ముప్పు. అడుగు విషయంలో ఏమరుపాటు పగడాల ప్రాణానికి ముప్పు.