తెల్ల ఫిల్లింగా, వెండి ఫిల్లింగా?

కిందటి నెల వేరుశనగ చిక్కీ కొరుకుతుండగా నా దవడ పన్నులోని తెల్ల ఫిల్లింగ్ ఊడి చేతిలోకి వచ్చింది. పెట్టించి రెండేళ్లు కూడా కాలేదు. దాని పక్కనే, ఉద్యోగంలో చేరిన కొత్తలో పెట్టించిన వెండి ఫిల్లింగ్ ఇరవై ఏళ్లుగా చెక్కుచెదరలేదు. ఏడాదికి ఎంత ఖర్చయిందని ఎంబీఏ లెక్క వేసినా పాతదే గెలిచింది! మా ఆవిడ భయం మాత్రం వేరు. "అందులో పాదరసం ఉంటుందటండీ, అదీ తీయించేయండి."

పళ్ల డాక్టరుగారిని రెండూ అడిగాను.

మనం వెండి అనేది నిజానికి అమాల్గం. బరువులో దాదాపు సగం పాదరసమే, మిగతాది వెండి, తగరం, రాగి. అది పంటికి అతుక్కోదు. లోపల వెడల్పుగా గుంట తొలిచి బిగించాలి కాబట్టి కొంత మంచి పన్నూ పోతుంది. అయితే కాస్త తడిని ఓర్చుకుంటుంది, గట్టిగా నమిలినా తట్టుకుంటుంది.

పంటి రంగుది కాంపోజిట్, అంటే రెజిన్‌లో సన్నని గాజు పొడి కలిపిన ముద్ద. ముందు యాసిడ్ జెల్‌తో పన్నును గరుకు చేసి, జిగురు పూసి, ముద్దను సుమారు 2 మిల్లీమీటర్ల పొరలుగా పెడుతూ ఒక్కోదాన్ని నీలి కాంతితో గట్టిపరుస్తారు. గట్టిపడేటప్పుడు అది కొద్దిగా కుంచించుకుపోతుంది. తొందరపడి ఒకేసారి మందంగా పెడితే అంచుల్లో సందు మిగిలి, అక్కడే మళ్లీ పుచ్చు మొదలవుతుంది. జిగురు మీద ఉమ్మి తగిలినా పట్టు పోతుంది. నాకు జరిగింది అదే కావచ్చన్నారు. అప్పుడు పది నిమిషాల్లో పని ముగించారు, మార్చి నెలాఖరు కదా, నేనూ సంతోషించాను. ఈసారి పంటి చుట్టూ రబ్బరు పొర బిగించి ముప్పావుగంట కూర్చోబెట్టారు.

మా చిన్నవాడి పాలపంటికి పెట్టింది గ్లాస్ అయొనోమర్. ఇది పంటికి తనంతట తానే పట్టుకుంటుంది, ఫ్లోరైడ్ వదులుతుంది. కానీ పెద్దవాళ్లు నమిలే చోట త్వరగా అరుగుతుంది.

ఇక పాదరసం. దాని వాడకాన్ని తగ్గించడానికి 2013లో మినమాటా ఒప్పందం కుదిరింది, 2018లో మన దేశమూ అందులో చేరింది. 15 ఏళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు తప్పనిసరైతే తప్ప అమాల్గం పెట్టకూడదని 2022లో సభ్యదేశాలు నిర్ణయించాయి. అంటే, అందరి నోళ్లలో ఉన్నవీ పీకించుకోమని కాదు. బాగున్నదాన్ని తొలిచేటప్పుడే పాదరసం ఆవిరి ఎక్కువగా వస్తుంది, మంచి పన్నూ అరుగుతుంది. నా పాతదానికి పగుళ్లు లేవు, కింద పుచ్చు లేదు. అందుకే ఉంచేయమన్నారు.

మా ఆవిడ ఒప్పుకోలేదు, ఎక్స్‌రే తనకు చూపించమంది. డాక్టరుగారు ఓపిగ్గా చూపించారు.