సైటుకెళ్తే ముందు మట్టిని చూడండి!

‘ఇండస్ట్రియల్ పార్కుకు 200 ఎకరాలు చదును చేయాలి. ముందు ఏం చూస్తారు?’ ఇంటర్వ్యూలో ఇలా అడిగితే చాలామంది బేరింగ్ కెపాసిటీ దగ్గరే ఆగిపోతారు. మీరు వాన గురించి కూడా మాట్లాడండి.

నల్లరేగడి ఉబ్బుతుందని తెలిసిందే. 425 మైక్రాన్ల జల్లెడ పట్టిన మట్టిని 10 గ్రాములు నీళ్లలో, మరో 10 గ్రాములు కిరోసిన్‌లో వేసి 24 గంటలు ఉంచితే ఎంత ఉబ్బుతుందో తేలిపోతుంది. అసలు తలనొప్పి వేరే ఉంది. తడిసిన రేగడిలో నీరు సరిగా ఇంకదు. పైపైనే పారుతూ మట్టిని లాక్కెళ్తుంది. ఇసుకపాలు ఎక్కువున్న ఎర్రమట్టి ఎలా కోసుకుపోతుందో చూడాలంటే విశాఖ నుంచి భీమిలి వెళ్లే దారిలో ఎర్రమట్టి దిబ్బల దగ్గర ఆగండి (సెల్ఫీలు అయ్యాకే లెండి).

నేల కోతను అంచనా వేసే యూఎస్‌ఎల్‌ఈ సూత్రంలో వాన తీవ్రత, మట్టి స్వభావం, వాలు, పచ్చదనం, రక్షణ చర్యలు ఉంటాయి. మొదటి రెండూ మన చేతిలో లేవు. మిగతావాటి మీదే మీ జవాబు నడవాలి. వర్షాకాలం ముందు సైటంతా ఒకేసారి చదును చేయొద్దనండి. పైమట్టిని విడిగా కుప్పపోసి కప్పాలని, దిగువన పూడిక గుంతలు తవ్వాలని చెప్పండి. ఇస్రో భువన్ పోర్టల్‌లో మ్యాప్ తెరిచి, వాలు దిగువన ఊరి చెరువు ఎక్కడుందో వేలు పెట్టి చూపించండి. కొట్టుకుపోయిన మట్టితో పూడేది అదే.