నేల మీదా అదే పేరు, నింగిలోనూ అదే పేరు!

పేరు పంచుకున్న విమానం-కారు జంటల్లో భారీకాయం గెలాక్సీది. అమెరికా వైమానిక దళపు సి-5 గెలాక్సీ పొడవు 75 మీటర్లు. నిండా సరుకుతో లేచేటప్పుడు బరువు 380 టన్నులు! ఫోర్డ్ గెలాక్సీ కారులో ఏడుగురు ఎక్కితే నిండిపోయినట్టే. 1995 నాటి ఆ కార్లను 16 వరుసగా నిలబెట్టినా విమానం ఇంకా కాస్త మిగులుతుంది.

అమ్మకాల్లో మొనగాడు మస్టాంగ్. రెండో ప్రపంచ యుద్ధంలో శత్రువులను గడగడలాడించిన పి-51 మస్టాంగ్‌లు మొత్తం 15,000కు పైగా తయారయ్యాయి. 1964 ఏప్రిల్ 17న ఫోర్డ్ మస్టాంగ్ విడుదలైంది. తొలిరోజే 22,000 ఆర్డర్లు! యుద్ధ విమానం జీవితకాలపు లెక్కను కారు ఒక్క రోజులో దాటేసింది.

టికెట్ కొని ఎక్కగలిగినవాటిలో మెరుపు కాంకార్డ్ విమానం. 1996లో న్యూయార్క్ నుంచి లండన్‌కు 2 గంటల 52 నిమిషాల 59 సెకన్లు. హైదరాబాద్ నుంచి విజయవాడకు కారులో అంతకంటే ఎక్కువే పడుతుంది. క్రైస్లర్ కాంకార్డ్ అయినా సరే.

అంతకంటే వేగం, అంతకంటే అరుదు వాల్కిరీ. ఆరు ఇంజన్ల ఎక్స్‌బీ-70 బాంబర్ ధ్వనికి మూడింతల వేగంతో ఎగిరింది. చేసినవి రెండే. 1966లో ఒకటి గాల్లోనే మరో విమానం ఢీకొని కూలింది. ఆస్టన్ మార్టిన్ వాల్కిరీ కూపేలు 150. కోటీశ్వరుల కారే నయం!

ఓపికలో మాత్రం స్కైహాక్‌కు సాటి లేదు. సెస్నా 172 స్కైహాక్‌లు 44,000కు పైగా వచ్చాయి. ప్రపంచంలో ఇన్ని తయారైన విమానం ఇంకొకటి లేదు. 1958 డిసెంబర్‌లో లాస్ వేగాస్‌లో లేచిన ఒక సెస్నా 172 మళ్లీ నేలను తాకింది 64 రోజుల 22 గంటల తర్వాతే. లోపల ఇద్దరు పైలట్లు. ఇంధనం ఎలాగంటారా? ఎడారి రోడ్డు మీద ఒక ట్రక్కు పరుగెడుతుంటే, దాని నెత్తి మీదుగా ఎగురుతూ గొట్టం పైకి లాక్కునేవారు. ఆ రికార్డు నేటికీ చెక్కుచెదరలేదు. బ్యూయిక్ స్కైహాక్ కారు 1975లో వచ్చి 1989లో తెరమరుగైంది.

అసలు సిసలు సొంత పేరు విగెన్.  1967లో ఎగిరిన స్వీడన్ సాబ్ యుద్ధ విమానం పేరునే 1999లో సాబ్ కారుకు పెట్టారు.

మనకు దగ్గరిది అపాచీ. 1958 షెవర్లే ట్రక్కు, టీవీఎస్ బైకు, బోయింగ్ యుద్ధ హెలికాప్టర్... మూడూ అపాచీలే. ఆ హెలికాప్టర్ బాడీలు హైదరాబాద్ శివారు ఆదిభట్లలో తయారవుతున్నాయి. తొలి బాడీ 2018లో బోయింగ్‌కు చేరింది.