ఒకే సంస్థ – అనేక నామాలు: తాజ్ హోటళ్ల బ్రాండులపై తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఒక పెద్ద హోటల్ సంస్థ తన హోటళ్లన్నింటికీ ఒకే పేరు పెట్టక, తరగతికొక పేరు ఎందుకు పెడుతుందన్నది ఈ వ్యాసం చర్చించే ప్రశ్న. ఇండియన్ హోటల్స్ కంపెనీ లిమిటెడ్ (ఐహెచ్‌సీఎల్) ఆధ్వర్యంలోని తాజ్, సెలెక్షన్స్, వివాంతా, గేట్‌వే, జింజర్, అమా అనే బ్రాండులను ఇందుకు ఆధారంగా తీసుకున్నాను. బ్రాండు భేదాన్ని కేవలం ధరలో తేడాగా కాక, అతిథికి ఏది లభిస్తుందో, ఏది లభించదో ముందుగా తెలిపే వాగ్దానంగా గ్రహించాలన్నది ఈ వ్యాసం ప్రతిపాదించే అంశం.

కీలకపదాలు: హోటల్ బ్రాండులు, తాజ్, జింజర్, ఫలక్‌నుమా, యాజమాన్యం, నిర్వహణ ఒప్పందం.

1. ఉపోద్ఘాతం:
తెలుగు వాడుకలో ‘హోటల్’ అంటే ముందుగా గుర్తొచ్చేది భోజనశాల. బస చేసే చోటుకు సత్రం, లాడ్జి, గెస్ట్‌హౌస్, స్టార్ హోటల్ అనే వేరువేరు మాటలున్నాయి. ఈ మాటలు ఒక్కొక్కటీ ఒక్కొక్క అంచనాను కలిగిస్తాయి. సత్రానికి వెళ్లేవారు తువ్వాలు వెంట తీసుకుపోతారు. స్టార్ హోటల్‌కు వెళ్లేవారికి ఆ ఆలోచనే రాదు. అంటే బస చేసే చోటు పేరు వినగానే అక్కడ ఏముంటుందో, ఏముండదో మనకు సగం తెలిసిపోతుంది. సమాజం సహజంగా ఏర్పరచుకున్న ఈ పదవిభజననే ఆధునిక హోటల్ సంస్థ ప్రణాళికాబద్ధంగా చేపడుతుంది. ఆ ప్రయత్నం ఫలించిన సందర్భాలనూ తడబడిన సందర్భాలనూ ఒకే సంస్థ చరిత్రలో గమనించవచ్చు.

2. తాజ్ – నామచరిత్ర:
జంషెడ్‌జీ టాటా నిర్మింపజేసిన తాజ్‌మహల్ హోటల్ 1903 డిసెంబరులో బొంబాయిలో ప్రారంభమైంది. చాలాకాలం పాటు సంస్థకు ప్రధాన చిరునామా ఆ ఒక్క భవనమే. 1970ల తొలినాళ్లలో ఉదయ్‌పూర్ లేక్ ప్యాలెస్, జైపూర్ రాంబాగ్ ప్యాలెస్‌ల నిర్వహణ చేపట్టడంతో ‘తాజ్’ అన్న పేరు రాజప్రాసాదాలతో ముడిపడింది. పారసీకంలో ‘తాజ్’ అంటే కిరీటం. పేరుకు తగిన భవనాలు దానికి తోడయ్యాయి.

అయితే సంస్థ విస్తరించే కొద్దీ వ్యాపార ప్రయాణికుల కోసం నగరాలలో నెలకొల్పిన సాధారణ హోటళ్లు కూడా అదే పేరును ధరించాయి. రాజప్రాసాదానికీ, ఒక రాత్రి విడిదికీ ఒకే పేరు ఉన్నప్పుడు అతిథి అంచనా ఎటు మొగ్గాలో తెలియదు. ఈ చిక్కును తీర్చడానికి సంస్థ 2008లో ‘గేట్‌వే’ను, 2010లో ‘వివాంతా బై తాజ్’ను ప్రవేశపెట్టింది. విశాఖపట్నం బీచ్ రోడ్డులోని ‘తాజ్ రెసిడెన్సీ’ ఈ క్రమంలోనే ‘గేట్‌వే’గా మారింది.

2017లో సంస్థ ఇందుకు విరుద్ధమైన నిర్ణయం తీసుకుంది. వివాంతా, గేట్‌వేలను తిరిగి ‘తాజ్’ అన్న ఒకే పేరు కిందకు చేర్చాలని తలపెట్టింది. అదే ఏడాది చివర పునీత్ ఛత్వాల్ నాయకత్వం చేపట్టిన తరువాత ఆ నిర్ణయం మళ్లీ తిరగబడింది. వివాంతా ప్రత్యేక బ్రాండుగా నిలిచింది. 2019లో ‘సెలెక్షన్స్’ వచ్చింది. 2023లో ‘గేట్‌వే’ కొత్త రూపంలో తిరిగొచ్చింది. పదిహేనేళ్ల వ్యవధిలో విడదీయడం, కలపడం, మళ్లీ విడదీయడం జరిగిందన్నమాట. ముంబైలోని ఒకే హోటల్ ‘తాజ్ ప్రెసిడెంట్’గా, ‘వివాంతా బై తాజ్ – ప్రెసిడెంట్’గా, చివరకు సెలెక్షన్స్‌లో భాగంగా ‘ప్రెసిడెంట్’గా మూడు పేర్లు మార్చుకోవడం ఇందుకు స్పష్టమైన నిదర్శనం.

3. బ్రాండుల తులన:

3.1 *తాజ్:* హైదరాబాదులోని ఫలక్‌నుమా దీనికి పరాకాష్ఠ. పైగా ప్రభువైన వికారుల్ ఉమ్రా 1884లో నిర్మాణం ఆరంభించిన ఈ ప్రాసాదం తరువాత ఆరవ నిజాం వశమైంది. దాదాపు పదేళ్ల పునరుద్ధరణ అనంతరం 2010లో హోటల్‌గా ప్రారంభమైంది. ఇందులో ఉన్నవి 60 గదులు మాత్రమే. కానీ భోజనశాలలోని బల్ల వద్ద ఒకేసారి 101 మంది కూర్చోవచ్చు. తక్కువ గదులకు ఎక్కువ స్థలాన్నీ, ఎక్కువ మంది సిబ్బందినీ వెచ్చించడమే ఈ తరగతి లక్షణం. ఇక్కడ అతిథి చెల్లించే సొమ్ములో నిద్రకు అయ్యేది స్వల్పం. చరిత్రకూ, సేవకూ అయ్యేదే అధికం.

3.2 *సెలెక్షన్స్, అమా:* సొంత పేరు, సొంత చరిత్ర ఉన్న హోటళ్లను ఆ పేరు చెరిపివేయకుండా కలుపుకొనేది సెలెక్షన్స్. ఊటీలోని సవాయ్, ఢిల్లీలోని అంబాసిడర్ ఈ కోవలోనివి. అమా దీనికి చిన్న రూపం. కూర్గ్ కాఫీ తోటల బంగళాల వంటి ఇళ్లను ఇది అతిథులకు అందిస్తుంది. ఈ రెండింటిలోనూ భవనాల మధ్య ఏకరూపత ఉండదు. భిన్నత్వమే ఇక్కడ అమ్మకపు గుణం.

3.3 *వివాంతా, గేట్‌వే:* సమావేశ మందిరాలు, భోజనశాలలు, ఈతకొలను వంటి పూర్తిస్థాయి సేవలున్న ఎగువ మధ్యతరగతి హోటళ్లు ఇవి. బేగంపేటలోని వివాంతా మన పాఠకులలో పలువురికి పరిచితమే.

3.4 *జింజర్:* 2004లో బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ‘ఇండీవన్’ పేరుతో ఆరంభమై, తరువాత ‘జింజర్’ అయింది. శుభ్రమైన గది, మంచి పరుపు, స్నానపు గది మాత్రమే ఇచ్చి, సామాను మోసే సేవకుల వంటి ఖర్చులను తొలగించడం దీని మూలసూత్రం. ఇందులో దాపరికం లేదు. ‘ఇవి ఉండవు’ అని ముందే చెప్పడం వల్ల అతిథి వాటికోసం ఎదురుచూడడు, నిరాశ చెందడు. అదే గది ‘తాజ్’ పేరుతో ఉంటే అది లోపంగా కనబడేది. గది మారలేదు, అంచనా మారింది.

4. అతిథికి కనిపించని మరో కోణం:
భవనం యాజమాన్యం, నిర్వహణ, పేరు – ఈ మూడూ ఒకరివే అని అతిథి భావిస్తాడు. వాస్తవంలో అవి తరచుగా వేరువేరు. ఫలక్‌నుమా నిజాం వంశీయుల ఆస్తి. తాజ్ దానిని కౌలుకు తీసుకొని నడుపుతున్నది. హైదరాబాదులోని తాజ్ కృష్ణా, తాజ్ డెక్కన్, బేగంపేట వివాంతాలు ‘తాజ్ జీవీకే’ అనే ప్రత్యేక కంపెనీ ఆస్తులు. నిర్వహణ ఒప్పందంలో భవన యజమాని పెట్టుబడి పెడతాడు. హోటల్ సంస్థ పేరునూ, నైపుణ్యాన్నీ ఇచ్చి రాబడిలో, లాభంలో కొంత శాతాన్ని రుసుముగా స్వీకరిస్తుంది.

ఇటువంటి ఒప్పందాలలో సాధారణంగా ఒక షరతు ఉంటుంది: ఫలానా పరిధిలో అదే బ్రాండుతో మరొక హోటల్ తెరవకూడదు. యజమానికి ఇది రక్షణ, సంస్థకు మాత్రం అవరోధం. వేరొక బ్రాండు చేతిలో ఉంటే అదే వీధిలో మరొక యజమానితో ఒప్పందం కుదుర్చుకోవచ్చు. కాబట్టి బ్రాండుల సంఖ్య పెరగడానికి అతిథుల అభిరుచి ఒక్కటే కారణం కాదు. భవన యజమానులతో ఒప్పందాల అవసరం కూడా అంతే బలమైన కారణం. ప్రపంచంలోని పెద్ద సంస్థలలో ఒకదానికొకటి దగ్గరగా ఉండే బ్రాండులు అనేకం పుట్టుకురావడంలోని మర్మం చాలావరకు ఇదే.

5. ఒక సమస్య:
తక్కువ ధర బ్రాండుకు సహజంగా ఒక ఆకర్షణ ఉంటుంది. అది పైమెట్టుకు ఎగబాకాలని చూస్తుంది. 2018 నుంచి జింజర్ ‘లీన్ లక్స్’ అనే కొత్త రూపం ధరించింది. 2023లో ముంబై విమానాశ్రయం సమీపంలో 371 గదులతో ప్రారంభమైన జింజర్, వైట్‌ఫీల్డ్ నాటి నిరాడంబర విడిదికి చాలా దూరంగా ఉంది. సంస్థకు ఇది అభివృద్ధి. కానీ ‘ఇవి ఉండవు, అందుకే ధర తక్కువ’ అన్న తొలి వాగ్దానం క్రమంగా మసకబారుతుంది. సదస్సుకు సొంత ఖర్చుతో వెళ్లే పరిశోధకుని వంటి ప్రయాణికునికి అప్పుడు మిగిలేది ఏ భరోసా లేని లాడ్జియే.

6. ముగింపు:
పై పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. ఒకే సంస్థలోని బ్రాండుల భేదం అంతస్తుల భేదం మాత్రమే కాదు. అది అతిథితో చేసుకున్న వేరువేరు ఒడంబడికల భేదం.
2. ఆ ఒడంబడికలో ‘ఉంది’ అన్న మాటకు ఎంత విలువ ఉందో ‘లేదు’ అన్న మాటకూ అంతే విలువ ఉంది. తాజ్ మొదటిదానిపై, జింజర్ రెండవదానిపై నిలబడ్డాయి.
3. పేర్లను కలిపివేస్తే ఈ రెండూ ఒకదానినొకటి దెబ్బతీస్తాయి. 2017 నాటి ఏకీకరణ నిలవకపోవడాన్ని ఈ దృష్టితో అర్థం చేసుకోవచ్చు.
4. బ్రాండుల విస్తరణ వెనుక భవన యజమానుల ప్రయోజనాలు కూడా ఉన్నాయి గనుక, పేరు మారిన ప్రతిసారీ సేవ మారిందని భావించనక్కరలేదు.

సత్రం అన్న మాట తన పరిమితిని తానే చెప్పుకొనేది. హోటల్ బ్రాండుకు కూడా ఆ నిజాయితీ ఉన్నంతకాలమే అతిథి దాని పేరును నమ్ముతాడు.