పారిస్ కుట్టుపనియు మన మగ్గములును

"ఓత్ కుత్యూర్" అనునది ఫ్రెంచి మాట. ఉన్నతమైన కుట్టుపని యని దాని యర్థము. మన పిల్లలు చేతిఫోనులలో చూచి ముచ్చటపడు పారిస్ దుస్తులలో మిక్కిలి వెలగలవానికి ఆ పేరు చెల్లును. లక్షలు పోసినగాని దొరకని ఆ దుస్తుల గొడవ కుంఠా నాకాలో కాపురముండు మనకేల యని తల్లిదండ్రులు తలంపవచ్చును. కొనుటకు గాదు, అవి ఎవరి చేతులలో తయారగుచున్నవో తెలిసికొనుటకే ఈ నాలుగు మాటలు. ఆ చేతులలో కొన్ని మనకు దూరపువి కావు.

ఫ్రాన్సు దేశమున ఈ పేరునకు 1945 నుండి చట్టరక్షణ గలదు. తోచిన వారెల్ల తమ అంగడికి దీనిని తగిలించుకొనరాదు. దుస్తును ఒక్కొక్క వ్యక్తి కొలతకే కుట్టవలెను. తొడిగి చూచి సరిదిద్దవలెను. పారిస్ నగరమున పనిశాల నడుపవలెను. జనవరి, జూలై మాసములందు ఏటేట క్రొత్త దుస్తులను ప్రదర్శింపవలెను. పనిశాలలో ముందుగా చౌక నూలుగుడ్డతో నమూనా కుట్టి, దానిని బొమ్మకు తొడిగి, ముడతలు తీర్చి, ఆ పిమ్మటనే అసలు బట్టపై కత్తెర వేయుదురు. ఒక్క దుస్తునకు వందల గంటల చేతిపని పట్టుట అచ్చట సామాన్యము.

ఈ పనివారిని ఫ్రెంచివారు "చిన్న చేతులు" అని పిలుచుదురు. ముద్దుపేరే కావచ్చును గాని, ఆ పేరులో చేయి కనబడునే తప్ప మనిషి ముఖము కనబడదు. 1858లో పారిస్‌లో దుకాణము తెరచిన చార్లెస్ ఫ్రెడరిక్ వర్త్ అను ఆంగ్లేయుడు, చిత్రకారుడు పటముపై సంతకము చేసినట్లు, తాను అమ్ము దుస్తుల లోపల తన పేరు గల పట్టీ కుట్టించెను. నాటినుండి పట్టీపై పేరు యజమానిది; కుట్టిన వారి పేర్లు పనిశాల గడప దాటలేదు.

బట్ట లేనిదే కుట్టుపని లేదు గదా. పారిస్ సంపన్నులకు పట్టుబట్టలు నేసి యిచ్చిన ఊరు లియోన్. మన చద్దరు మగ్గము నెత్తిన కూర్చున్న జకార్డు యంత్రము ఆ ఊరి బిడ్డయే. జోసెఫ్ మరీ జకార్డ్ అను నేతకాని కుమారుడు 1804 ప్రాంతమున దానిని రూపొందించెను. ఒక్కొక్క పేకపోగుకు ఒక్కొక్క అట్ట. అట్టలో రంధ్రమున్న చోట పడుగుపోగు పైకి లేచును, లేని చోట క్రిందనే నిలుచును. గళ్ల కాగితముపై గీసిన నెమలి ఇట్లు పోగుపోగుగా బట్టపైకి దిగును. షోలాపురపు చద్దరు రెండు పొరల నేత. ఒకవైపు ఎరుపుపై తెల్లని నెమలి యున్నచో, త్రిప్పి చూచిన తెలుపుపై ఎర్రని నెమలి యుండును. ఏ పొర ఎచ్చట మీదికి రావలెనో ఆ అట్టలే చెప్పును. దీనిని లెక్కగట్టి గళ్లు నింపువాని పని గణితము గాక మరేమి? బడిలో లెక్కలు రావని మనము మందలించు పిల్లవాని తాతయే ఒకవేళ ఆ పని చేసియుండును.

లియోన్ నేతవారి కథలో మనము మరువరాని దొకటి గలదు. బట్ట గజమునకు ఇంత యని వర్తకులు కూలి కట్టెడివారు. ఆ రేటు పడిపోవగా, కనీసపు రేటు నిర్ణయింపవలెనని నేతవారు కోరిరి. 1831లో రేటు కుదిరినది. కాని వర్తకులు పలువురు దానిని పాటింప నిరాకరించిరి. నవంబరులో నేతవారు తిరుగబడి పట్టణమును వశపరచుకొనిరి. ప్రభుత్వము పెద్ద సైన్యమును పంపి అణచివైచి, ఆ రేటును రద్దు చేసెను. ముక్కకు కూలి లెక్కించు పద్ధతిలో బ్రతికిన వారెవ్వరికిని ఈ కథ విదేశపు కథగా తోచదు. మన యిండ్లలో కండెలు చుట్టిన తల్లుల శ్రమ అనేకపర్యాయములు ఆ ముక్కకూలి లెక్కలో కూడ చేరలేదు.

ఇక అలంకరణపు పని. పెండ్లి రవికెలపై చేయు "మగ్గం పని" మన స్త్రీలకు తెలిసినదే. కఱ్ఱచట్రమునకు బట్టను బిగించి, ఆరీ యను కొక్కెపు సూదితో గొలుసుకుట్టు వేయుదురు. ఈ కొక్కెపు పని పదునెనిమిదవ శతాబ్దమున భారతదేశము నుండి ఐరోపాకు చేరినది. గుండ్రని చట్రముపై బట్ట డోలువలె బిగియుటచేత ఫ్రెంచివారు దానికి డోలు అను అర్థమిచ్చు పేరే పెట్టిరి. ఆ దేశపు రాజు ప్రియురాలు పొంపదూర్ ఆ చట్రము ముందు కూర్చున్న చిత్రము నేటికిని లండను చిత్రశాలలో నున్నది. తరువాత లూనేవిల్ పట్టణమువారు ఆ కొక్కెముతోనే పూసలు కుట్టు ఉపాయము కనిపెట్టిరి. మనవారు బట్ట ముఖముపైననే పూసను నిలుపుదురు. వారు బట్టను తలక్రిందు చేసి వెనుకనుండి కుట్టుదురు, పూసలు అడుగువైపున వరుసగా పడును. పని సాగుచుండగా కుట్టువానికి పూసలు కనబడవు. వ్రేళ్లకు తెలిసిన లెక్కయే ఆధారము. ముగ్గును బట్టపైకి దించు విధము మాత్రము రెండుచోట్లను ఒక్కటే: కాగితముపై గీతవెంట సూదితో పొడిచి, ఆ రంధ్రములగుండ రంగుపొడి రుద్దుట.

పారిస్‌లో ఈ పనికి ప్రసిద్ధి కెక్కినది లెసాజ్ పనిశాల. 1924లో ఆ కుటుంబము చేతికి వచ్చిన ఆ శాలను 2002లో షనేల్ సంస్థ కొనెను. ఆ కుటుంబమువాడే యొకడు 1993లో చెన్నపట్టణమున వస్త్రకళ అను పనిశాల స్థాపించెను. ముంబాయిలోని చాణక్య పనిశాలవారు దియోర్ సంస్థకు పని చేయుదురు. 2022 జనవరిలో పారిస్‌లో దియోర్ ఓత్ కుత్యూర్ ప్రదర్శన జరిగిన మండపపు గోడలను, మను పారేఖ్, మాధవీ పారేఖ్ దంపతుల చిత్రములను అనుసరించి, మూడు వందలకు పైబడిన ఇచ్చటి పనివారు కుట్టిన పటములతో నింపిరి. మరుసటి యేడు మార్చి 30న అదే సంస్థ ముంబాయి గేట్‌వే ఆఫ్ ఇండియా యెదుట తన దుస్తులను ప్రదర్శించి, చాణక్యవారి పేరును బాహాటముగా చెప్పెను. దశాబ్దముల తరబడి మాటుననే యుండిన పనికి ఇది కొంత వెలుగు.

అన్ని సంస్థలును అట్లు చెప్పవు. 2025 జూన్‌లో ఇటలీ దేశపు ప్రాడా సంస్థ మిలాన్ ప్రదర్శనలో కొల్హాపురపు చెప్పులను పోలిన చెప్పులు చూపెను. కొల్హాపురము మాట ఎత్తలేదు. మహారాష్ట్రమున అలజడి రేగగా, అవి భారతీయ చేతిపని ప్రేరణతో చేసినవని ఒప్పుకొనెను. ఆ యేడు డిసెంబరులో మహారాష్ట్ర, కర్ణాటక రాష్ట్రముల చర్మకార సంస్థలతో ఒప్పందము కుదుర్చుకొనెను. ఆ చెప్పులకు 2019లో భౌగోళిక గుర్తింపు లభించియుండుట అలజడికి బలమిచ్చినది. ఆ గుర్తింపు వర్తించు ఎనిమిది జిల్లాలలో మన షోలాపురమును ఒకటి.

మన చద్దరుకును, తువ్వాలకును అట్టి గుర్తింపు 2005-06లోనే లభించినది. ఇతర పట్టణములలో నేసిన చద్దరును షోలాపురపు చద్దరని అమ్ముట చట్టవిరుద్ధమని చాలమందికి తెలియును. ఆ చట్టములోని మరియొక సదుపాయము మాత్రము తెలిసినవారు తక్కువ. 1999 నాటి ఆ చట్టము ప్రకారము ఆ వస్తువును ఉత్పత్తి చేయువారెవరైనను "అధీకృత వినియోగదారు"గా తమ పేరును చెన్నపట్టణములోని రిజిస్ట్రీలో నమోదు చేయించుకొనవచ్చును. పేరు చేరిన పిమ్మట పదేండ్లు చెల్లును, మరల పొడిగింపవచ్చును. పెద్ద కార్ఖానాదారులకే గాదు, నాలుగు మగ్గములు గలవారికిని ఆ దరఖాస్తు అందుబాటులోనే యున్నది. దానిని నింపుటకు బడికి పోవు మన పిల్లల చదువు చాలును.