పక్షవాతం, షుగర్: గడ్డ కరిగాక కూడా ఆగని నష్టం

"కాలూ చెయ్యీ పడిపోయింది", "మూతి వంకర పోయింది", "గాలి సోకింది". మన ఊళ్లలో పక్షవాతానికి ఉన్న పేర్లివి. పేరు ఏదైనా మనవాళ్ల చూపంతా కాలి మీదా, చేతి మీదా ఉంటుంది. అందుకే పసరు మందులు రాస్తారు, పావురం రక్తంతో మర్దన చేస్తారు. కానీ దెబ్బ తగిలింది కాలికి కాదు, మెదడుకి.

దీని గురించి హాస్టల్ సంచికలో ఎందుకు అంటారా? 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం మన దేశంలో షుగర్ వ్యాధి ఉన్నవారు 10 కోట్లకు పైనే. మనలో ఎందరి ఇళ్లలోనో అమ్మకో, నాన్నకో, తాతయ్యకో ఆ జబ్బు ఉంది. రక్తనాళం మూసుకుపోయి వచ్చే పక్షవాతం ముప్పు షుగర్ ఉన్నవారికి సుమారు రెండు రెట్లు. వచ్చాక తగిలే దెబ్బ కూడా వారికి పెద్దదే. కూలికి వెళ్లే మనిషి మంచాన పడితే ఆ ఇంట్లో ముందుగా ఆగిపోయేది పిల్లల చదువే. కాబట్టి ఈ విషయం మనకు తెలిసి ఉండాలి.

మెదడుకు నిల్వ లేదు

మన బరువులో మెదడు 2 శాతమే. కానీ ఒంటికి అందే ఆక్సిజన్‌లో 20 శాతం అదే వాడుకుంటుంది. పైగా రేపటికని దాచుకునే అలవాటు దానికి లేదు. పక్షవాతాల్లో ఎక్కువ భాగం మెదడు రక్తనాళంలో రక్తపు గడ్డ అడ్డుపడటం వల్ల వస్తాయి. మిగిలినవి నాళం చిట్లడం వల్ల వస్తాయి. ఇక్కడ మనం చెప్పుకునేది మొదటి రకం గురించి.

మామూలుగా 100 గ్రాముల మెదడుకు నిమిషానికి దాదాపు 50 మిల్లీలీటర్ల రక్తం అందాలి. అది 20కి పడిపోతే కణాలు పని మానేస్తాయి, కానీ బతికే ఉంటాయి. 10కి దిగువకు పడితే కొద్ది నిమిషాల్లోనే చనిపోతాయి. అంటే గడ్డ పడిన చోట నడిమి భాగం చచ్చిపోతుంది. దాని చుట్టూ మరో భాగం చావుబతుకుల మధ్య ఉంటుంది. దీన్ని డాక్టర్లు 'పెనంబ్రా' అంటారు. నీళ్లందక వాడిన చివరి మడి లాంటిదది. తడి తగిలితే తేరుకుంటుంది, లేకపోతే ఎండిపోతుంది. పెద్ద నాళం మూసుకుపోతే నిమిషానికి 19 లక్షల నాడీకణాలు నశిస్తాయని 2006లో అమెరికా వైద్యుడు జెఫ్రీ సేవర్ లెక్కగట్టారు.

కాపలావాళ్లే కొంప ముంచితే

ముల్లు గుచ్చుకుంటే ఆ చోటు ఎర్రబడి, వేడెక్కి, వాచి, నొప్పి పెడుతుంది. దీన్నే ఇన్‌ఫ్లమేషన్ అంటారు. దెబ్బ తగిలిన చోటికి తెల్ల రక్తకణాలు పరుగెత్తుకెళ్లి చేసే పని ఇది. కాలి వేలి మీద అయితే ఇది మనకు మేలే. మెదడు పుర్రె అనే గట్టి పెట్టెలో ఉంది, వాపు వస్తే పక్కకు జరగడానికి చోటు లేదు.

కణాలు చనిపోగానే మెదడులోని మైక్రోగ్లియా అనే కాపలా కణాలు మేలుకొని రసాయన సంకేతాలు పంపుతాయి. ఆ పిలుపుతో రక్తనాళాల లోపలి పొర జిగురు పూసినట్టు తయారవుతుంది. కొన్ని గంటల్లో న్యూట్రోఫిల్స్ వచ్చి దానికి అంటుకుంటాయి. జీవశాస్త్రం పాఠంలో మనం చదువుకున్న తెల్ల రక్తకణాలే ఇవి. అవి విడుదల చేసే ఎంజైములు రక్తానికీ మెదడుకూ మధ్య ఉన్న గోడను కొరికేస్తాయి. ఆ సందుల్లోంచి నీరు మెదడులోకి ఊరుతుంది. అందుకే పెద్ద పక్షవాతంలో రెండో రోజు నుంచి అయిదో రోజు మధ్య వాపు ముదిరి, రోగి మరింత మగతలోకి పోవచ్చు. "నిన్న మాట్లాడాడు, ఇవాళ పలకడం లేదు, ఇక ఇంటికి తీసుకుపోదాం" అని బంధువులు అనుకునేది సరిగ్గా ఈ రోజుల్లోనే. నిజానికి ఆస్పత్రి అవసరం ఎక్కువగా ఉండేది కూడా ఈ రోజుల్లోనే.

నీళ్లు వదిలితే గట్టు తెగినట్టు

గడ్డ తీసేస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. తీయాల్సిందే, అంతకు మించిన వైద్యం లేదు. అయితే బాగా ఎండి పగుళ్లు వారిన కాలువకు ఒక్కసారిగా నీళ్లు వదిలితే గట్టు తెగడం మనం చూస్తాం. మెదడులోనూ అలాంటిదే జరుగుతుంది. ఆకలితో ఉన్న కణాలకు ఒక్కసారిగా ఆక్సిజన్ అందినప్పుడు, అందులో కొంత 'ఫ్రీ రాడికల్స్' అనే హానికర రసాయనాలుగా మారి కణాల పొరలను కాల్చేస్తుంది. బలహీనపడిన నాళాల నుంచి రక్తం కారవచ్చు.

మరో చిక్కు కూడా ఉంది. పెద్ద కాలువ తెరుచుకున్నా పిల్లకాలువలు పూడిపోయి ఉండవచ్చు. సన్నటి కేశనాళికలు బిగుసుకుపోయి, వాటిలో తెల్లకణాలు ఇరుక్కుని, రక్తం చివరిదాకా చేరదు. ఆలస్యం పెరిగేకొద్దీ ఈ రెండు కీడులూ పెరుగుతాయి. తొందరగా తెరిస్తే మేలు పెరుగుతుంది, కీడు తగ్గుతుంది.

షుగర్ ఏం చేస్తుంది?

మొదటిది, ఏళ్ల తరబడి అదుపు తప్పిన షుగర్ నాళాల లోపలి పొరను ముందే పాడుచేస్తుంది. తెల్లకణాలు సులువుగా అంటుకుంటాయి, రక్తం త్వరగా గడ్డకడుతుంది.

రెండోది, ఆక్సిజన్ లేనిచోట గ్లూకోజ్ ఎక్కువగా ఉంటే అది లాక్టిక్ ఆమ్లంగా మారుతుంది. చావుబతుకుల మధ్య ఉన్న కణాలకు ఆ ఆమ్లం విషం.

మూడోది, రక్తం తిరిగి పారేటప్పుడు ఫ్రీ రాడికల్స్ తయారీకి గ్లూకోజే వంటచెరకవుతుంది. చక్కెర ఎంత ఎక్కువుంటే మంట అంత ఎక్కువ.

నాలుగోది, మెదడు గోడ మరింత బలహీనపడి, గడ్డ కరిగించే మందు ఇచ్చాక రక్తస్రావం జరిగే ప్రమాదం పెరుగుతుంది. అలాగని షుగర్ ఉన్నవారికి ఆ మందు పనికిరాదని కాదు. వారికీ దానివల్ల మేలు ఉంది.

రెండు పరిశోధనలు నేర్పిన పాఠం

ఇన్‌ఫ్లమేషనే శత్రువైతే దాన్ని ఆపేయవచ్చు కదా? తెల్లకణాలు నాళాలకు అంటుకోకుండా చేసే 'ఎన్లిమోమాబ్' అనే మందును 625 మంది రోగుల మీద పరీక్షించారు. 2001లో ఫలితాలు వచ్చాయి. మందు తీసుకున్నవారి పరిస్థితి బాగుపడకపోగా ఇంకా దిగజారింది. చచ్చిన కణాలను ఊడ్చి, గాయాన్ని మాన్పేదీ ఇన్‌ఫ్లమేషనే కాబట్టి దాన్ని గుడ్డిగా ఆపడం సులువు కాదని తెలిసింది.

పక్షవాతం వచ్చాక ఇన్సులిన్‌తో షుగర్‌ను గట్టిగా దించితే? 'షైన్' అనే అధ్యయనంలో అమెరికాలో 1,151 మందిని పరిశీలించి 2019లో ఫలితాలు ప్రకటించారు. షుగర్‌ను 80–130 మధ్య ఉంచినవారు, 180 లోపు ఉంచినవారికంటే ఎక్కువగా కోలుకోలేదు. పైగా కొందరికి షుగర్ ప్రమాదకరంగా పడిపోయింది. ఏళ్లపాటు జరిగిన నష్టాన్ని ఆఖరి రోజున సరిదిద్దలేమన్నమాట. షుగర్‌ను అదుపు చేయాల్సింది పక్షవాతం రాకముందే.

మనం చేయవలసినవి

• మూతి వంకర, చేయి పడిపోవడం, మాట తడబడటం: హఠాత్తుగా వీటిలో ఏ ఒక్కటి కనిపించినా 108కి ఫోన్ చేయాలి. సీటీ స్కాన్ ఉన్న ఆస్పత్రికే తీసుకెళ్లమని అడగాలి.

• మనిషి చివరిసారి బాగా ఉన్న సమయం రాసుకోవాలి. గడ్డ కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల లోపే ఇస్తారు. కొందరికి గొట్టం ద్వారా గడ్డ తీసే చికిత్స 24 గంటల వరకూ చేయవచ్చు.

• నోట్లో నీళ్లు, మాత్రలు, పసరు ఏమీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. స్కాన్ కాకముందు ఆస్పిరిన్ ఇవ్వకూడదు. నాళం చిట్లిన రకమైతే అది ప్రాణాంతకం.

• షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవారని ముందే చెప్పాలి. షుగర్ బాగా పడిపోయినా పక్షవాతంలాగే కనిపిస్తుంది.

• సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు అమ్మానాన్నలకు షుగర్, బీపీ రెండూ పరీక్ష చేయించండి. "బాగానే ఉన్నాను" అని మాత్రలు మానేస్తే మానవద్దని నచ్చజెప్పండి. బీడీ, పొగాకు మాన్పించండి.

పెద్ద చదువులు చదివి రేపు వాళ్లను పోషిస్తామని మనమందరం అనుకుంటాం. అందాకా వాళ్లు తమ కాళ్ల మీద తాము నడుస్తూ ఉండాలి. ఈ దసరాకి ఇంటికి వెళ్లే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఈ నాలుగు మాటలు మీ ఇంట్లోనే కాదు, పక్కింట్లో కూడా చెప్పండి.